పట్టు విడిచే పనిముట్టు

యానాం పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుపాను దాన్ని ముంచేసింది. ఓడలు చరిత్రకెక్కాయి. వంచిన పలకను మేకు దిగేదాకా అదిమిపట్టిన బిగింపుల ఊసు మాత్రం నేను చదివిన పుస్తకాల్లో కనిపించలేదు.

1954 దాకా యానాన్నేలిన ఫ్రెంచివారి భాషలో దీని పేరు ‘సెర్‌ జువాఁ’, అంటే అతుకును బిగించేది. ఎంత ముచ్చటైన పేరో! చిన్న పనికి జీ క్లాంపు, తలుపు చెక్కలు జతచేయడానికి పొడుగాటి సాష్ క్లాంపు. మర లేనిచోట తాడూ, చీలలూ ఉండనే ఉన్నాయి.

జిగురు ఆరాక విప్పి, తుడిచి, మరకు నూనె చుక్క వేసి, గరిటెల్లా గోడకు తగిలించాలి. లేకపోతే ఈ ఏటిగాలికి తుప్పే!

అతుకు నిలిచాక తప్పుకునేదానికి పేరు దక్కదు. మన ఇళ్లలోనూ అలాంటి చేతులు లేవంటారా?