గడియ గిన్నె నుంచి డైవింగ్ వాచీ వరకు

ఉగాదినాడు పంచాంగము విప్పినవారెవరూ గడియలు, విఘడియలు అనే మాటలను దాటిపోలేరు. గడియ అనగా 24 నిమిషములు. 60 గడియలు ఒక రాత్రీ పగలూ. పూర్వము దీనిని కొలుచుటకు అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటి తొట్టిలో వదిలేవారు. నీరెక్కి గిన్నె మునిగిందా, గడియ నిండినట్లే. గంట కొట్టి, గిన్నె తీసి, మరల వదలుటయే. ఆ గడియ నుంచే గడియారమనే మాట వచ్చినది. నీరు లోనికి రావటమే ఆ గిన్నెకు పని. చేతి గడియారమునకు మాత్రము అదే చావు.

జింగనూరు, సిరొంచ ప్రాంతముల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనకు సముద్రముతో పరిచయము తక్కువ. ప్రాణహిత, ఇంద్రావతి గోదావరిలో కలిసే నేల మనది. అయినను మన పెద్దల పాత పెట్టెలలో ‘సీ కింగ్’ అని సముద్రము పేరు గల గడియారము బయటపడితే ఆశ్చర్యము లేదు. దానిని చేసిన స్విట్జర్లండు వారి ఫావ్రె-ల్యూబా సంస్థ 19వ శతాబ్దములోనే బొంబాయిలో వ్యాపారము పెట్టినది. పాత డైవింగ్ వాచీలకు నేడు సేకరణకర్తలు పెద్ద ధరలిచ్చుచున్నారు గనుక, ఏది నిజముగా నీట మునుగుటకు చేసినదో మన పిల్లలు తెలిసికొనుట మంచిదని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నీరు చొరని ‘ఆయిస్టర్’ వాచీని రోలెక్సు వారు 1926లో తెచ్చిరి. మరుసటి యేడు మెర్సిడిస్ గ్లైట్జ్ అనే ఆంగ్ల యువతి దానిని మెడలో కట్టుకొని ఇంగ్లీషు కాలువలో ఈదినది. ఆనాడు చలికి ఆవలి ఒడ్డు చేరలేకపోయినది గాని, గంటల తరబడి నీట నానిన వాచీ మాత్రము ఆగలేదు. అసలైన డైవింగ్ వాచీ 1953 నాటిది. ఫ్రెంచి నౌకాదళపు ఈతగాండ్ర కోరికపై బ్లాంక్‌పాన్ వారు ‘ఫిఫ్టీ ఫాదమ్స్’ చేసిరి. అనగా మన లెక్కలో యాభై బారలు! రోలెక్సు వారి ‘సబ్‌మరీనర్’ కూడ ఆ కాలముదే. జపాను సీకో వారు 1965లో తమ మొదటి డైవింగ్ వాచీ తెచ్చిరి. ఆ సీకో వారి సహకారముతోనే 1980 దశకములో మన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారము చేతి గడియారములు చేసినది. అవి మాత్రము డైవింగ్‌కు ఉద్దేశించినవి కావు.

ఈ వాచీల కీలకము అద్దము చుట్టూ తిరిగే వలయములో వున్నది. నీట దిగునప్పుడు దాని గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పుదురు. తరువాత ఎన్ని నిమిషములు గడిచెనో చూడగానే తెలియును. వీపున మోసే గాలి ఎంత మిగిలెనో దానిని బట్టి లెక్క. తరువాతి వాచీలలో వలయము ఒక వైపుకే తిరుగును. పొరపాటున తగిలి కదలినను, గడిచిన కాలము ఎక్కువ చూపునే గాని తక్కువ చూపదు. మనిషి ముందే పైకి వచ్చును. గడియ గిన్నె కూడ ఇంతే గదా! వేళ ఎంతయినదని గాక, మొదలుపెట్టి ఎంత గడిచినదని చెప్పునది.

ఫావ్రె-ల్యూబా వారు 1968లో ‘బాతీ’ అనే వాచీ చేసిరి. దాని వెనుక పలుచని పొరపై నీటి ఒత్తిడి పడి, ఒక ముల్లు లోతును చూపును. అది నిజమైన డైవింగ్ వాచీ. ‘సీ కింగ్’ చేతితో కీ ఇచ్చే మామూలు గడియారము, పేరులోనే సముద్రము.

ఇక ముంబయి మాట. పాత వాచీల ముఖములకు కొత్త రంగు వేసి, నాలుగింటి భాగములు ఒకటిగా కూర్చి అమ్మే పని అక్కడ పెద్దది. విదేశీ సేకరణకర్తలు వీటిని ‘ముంబయి స్పెషల్’ అని వెక్కిరింతురు. మాకు ఆ వెక్కిరింత అంతగా నచ్చదు. ఆగిన గడియారమును నడిపించి పేదవాని చేతికి తక్కువ ధరకు అందించిన పనితనమది. దానినే అసలు సరుకని అమ్మినప్పుడే మోసము.

కనుక తాతగారి గడియారము దొరికితే ముఖమునకు కొత్త రంగు వేయించవద్దు, పాలిష్ పట్టించవద్దు. రబ్బరు ఎండిపోయి వుండును. వాటర్‌ప్రూఫ్ అని వ్రాసి వున్నను నీట ముంచరాదు. 1970కి ముందుదైతే వెనుక మూత మీరు తెరవనే వద్దు. అంకెలు చీకటిలో మెరియుటకు ఆనాడు రేడియం పూసేవారు. మెరుపు పోయినను రేడియం పోలేదు, అది సగమగుటకే 1600 ఏండ్లు పట్టును. కొన్న చీటీ వుంటే దాచండి. లేకుంటే ఎవరు, ఏ యేట, ఏ జీతముతో కొన్నారో ఇంటి పెద్దల నడిగి ఒక కాగితముపై వ్రాసి, గడియారముతో పాటు డబ్బాలో పెట్టండి.