జెస్ట్: తొక్క పేరా, వాడుక పేరా?

కేకుల వంటకాల్లో ‘ఒక నిమ్మకాయ జెస్ట్’ అని ఉన్నచోట మనం ‘నిమ్మ తొక్క తురుము’ అని రాసుకుంటాం. అర్థం దగ్గర్లోనే ఉంది. కానీ ఆధారాలు చూస్తే, ఇంగ్లీషులో ఈ మాట పండులోని ఒక పొరకన్నా, ఆ పొరతో చేసే పనినే ఎక్కువగా పట్టుకుందనిపిస్తుంది.

ఇంగ్లీషుకు ఈ మాటనిచ్చిన ఫ్రెంచ్‌లో దీనికి రెండు అర్థాలున్నాయి: అక్రోటు లోపల పప్పును విడదీసే పొర, నిమ్మ నారింజల పైతొక్క. దేన్నైనా తీసిపారేయాలంటే ‘జెస్ట్ పాటి చేయదు’ అనే నుడికారమూ ఉంది. మన ‘తొక్కలో’ అన్న విసురుకు అది ఆట్టే దూరం కాదు. మాట పుట్టుక మాత్రం తేలలేదు. ‘చీలిన’ అనే అర్థమున్న లాటిన్ మాటతో 19వ శతాబ్దపు నిఘంటుకర్త లిత్రే ముడిపెట్టాడు. అది ఊహగానే మిగిలింది.

ఇంగ్లీషులో ఇది 1670ల నాటికి కనిపిస్తుంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఇచ్చిన మొదటి అర్థం, వైన్‌లోకి పిండే నారింజ తొక్క. రెండోది, అదనంగా చేర్చిన రుచి. ఏ పొర అన్న ప్రస్తావనే లేదు. పిండడంతోనే నిర్వచనం చెప్పాడు. ‘ఉత్సాహం’ అన్న అర్థం ఆ శతాబ్దం చివర్లో వచ్చింది. రుచి నుంచే అది పుట్టిందనడం సబబుగా తోస్తుంది.

తొక్కను పిండడం దేనికి? నారింజ తొక్కను వెలుతురుకు ఎదురుగా పట్టి మడిచి నొక్కండి. సన్నని తుంపర ఎగురుతుంది, వేళ్లకు జిడ్డు అంటుతుంది, కంట్లో పడితే మంట. రంగున్న పైపొరలోని నూనె తిత్తులు పగిలాయన్నమాట. నారింజ నూనెలో 90 శాతానికి పైగా లిమొనీనే. నిమ్మను నిమ్మగా గుర్తుపట్టించే సిట్రాల్ మాత్రం నిమ్మనూనెలో కొద్ది శాతమే. కిందున్న తెల్లని మెత్తటి పొరలో పెక్టిన్ ఎక్కువ, నాలుకకు చేదు.

మన నిమ్మకాయ ఊరగాయలో తొక్క మొత్తం ఉప్పులో ఊరి మెత్తబడుతుంది, చేదూ తగ్గుతుంది. పైపొరకు విడిగా పేరు పెట్టుకునే అవసరం మన వంటింటికి అంతగా రాకపోవడానికి అదొక కారణం కావచ్చు. కేకులో అంత ఊరే వ్యవధి ఉండదు. వట్టి ‘తొక్క’ అని రాస్తే కొత్తగా చేసేవాళ్లు తెల్లపొర దాకా గీకేస్తారు. ‘తెల్లపొర తగలకుండా పైతొక్క తురుము’ అని రాయడమే మేలు.