తరం అనే గడి

నాతవరం దగ్గర మా ఊళ్లో మాకు కొంచెం మెట్ట ఉంది. పోయిన సంక్రాంతికి దాన్ని అమ్మేద్దామన్న మాట వచ్చింది. అందరూ లెక్కలు వేస్తుంటే మామ్మ ఒక్కటే అడిగింది: "మీ ముత్తాత్ని ఎక్కడెట్టారో ఎవరికైనా ఎరికేటిరా?" ఎవరూ మాట్లాడలేదు.

నేను డేటాబేసుల మీద బతికేవాణ్ని. మనిషంటూ ఉంటే ఎక్కడో ఓ ఎంట్రీ ఉంటుందనుకుంటాను. ముందు మీభూమి పోర్టల్ చూశాను. అడంగల్‌లో ముత్తాత పేరు కనబడింది. సంబరపడ్డాను. కానీ అది మా నాన్న. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనకి ఎంత ముచ్చటో, వెతికేవాడికి అంత చిక్కు.

ఆ తర్వాత పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు. విశాఖ జిల్లాలో ఎక్కువ భాగం జమీందారీల కింద ఉండేది. వాటిలో గొలుగొండ జమీందారీ బకాయిల్లో వేలానికొచ్చి, 1837లో సర్కారు చేతికి పోయింది. నర్సీపట్నం కేంద్రంగా ఉన్న గొలుగొండ తాలూకాలో అలా రైత్వారీ వచ్చింది. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాలి, కాబట్టి సర్కారుకి రైతు పేరు కావాలి. మిగతా చాలాచోట్ల రైత్వారీ పట్టాలు రావడానికి 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

రిజిస్టరులో మా సర్వే నెంబరు దొరికింది. మెట్టా పల్లమా, నీటి ఆధారం ఏది, మట్టి ఏ రకం, ఎకరాకి రేటెంత, శిస్తెంత: గళ్లన్నీ నేల గురించే. మనిషికి పేరొక్కటే. పైగా అది ముత్తాతదా, ఆయన తాతదా? ఇద్దరిదీ ఒకటే పేరాయె! అందులో "తరం" అని కూడా ఓ గడి ఉంది. అది నేల నాణ్యతకి వేసే తరగతి. మా తరాల గురించి మాత్రం అందులో ఏమీ లేదు.

అక్కణ్నుంచి కృష్ణదేవిపేట వెళ్లాను. 1922 ఆగస్టులో సీతారామరాజు దండు దాడి చేసిన మూడు పోలీసు స్టేషన్లలో ఒకటి అక్కడిదే. 1924 మేలో ఆయన్ని చంపాక దహనం చేసిందీ అక్కడే. ఆ ప్రాంగణంలోనే గాం గంటందొర సమాధి కూడా ఉంది. గంటందొర బట్టిపనుకుల మునసబు. పదవీ భూమీ పోగొట్టుకుని తిరగబడ్డాడు, అదే ఏడు జూన్‌లో చనిపోయాడు. మనం తిరుగుబాటుని చరిత్రగా చదువుతాం గానీ, దాని మొదట్లో భూమి పోయిన మనిషి ఉన్నాడు. తిరగబడినవాడికి కనీసం సమాధి మీద పేరుంది. శిస్తు కట్టుకుంటూ బతికినవాడికి రిజిస్టరే సమాధి.

తిరిగొచ్చి మామ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ నవ్వింది. "నన్నడగొచ్చు కదరా. నా కాపరం కొత్తలోనే పోయారు మా మావ" అంటూ కర్ర పట్టుకుని పొలానికి నడిచింది. దక్షిణం గట్టున, జీడిమామిడి చెట్టు కింద, దున్నకుండా వదిలేసిన చిన్న దిబ్బ. చిన్నప్పుడు దానిమీద కూర్చుని జీడిపళ్లు తినేవాళ్లం.

అమ్మకం ఆగలేదు. రెండు సెంట్లు మాత్రం మినహాయించాం. దస్తావేజులో చెక్కుబందీ రాసేటప్పుడు లేఖరి అడిగాడు: "దక్షిణం హద్దు ఏం రాయమంటారు?"

"మా ముత్తాత సమాధి" అన్నాను. పేరు కూడా రాయించాను, పక్కన ఆయన తండ్రి పేరుతో సహా. నాలా వెతికేవాడు రేపు మళ్లీ పొరబడకూడదు కదా.