అంతర్జాతీయ ప్రామాణిక రికార్డింగ్ సంకేతం

అంతర్జాతీయ ప్రామాణిక రికార్డింగ్ సంకేతం, అంటే వాడుకలో ఐఎస్‌ఆర్‌సీ, ఒక ధ్వనిముద్రణను లేదా సంగీత వీడియోను తక్కిన వాటన్నింటి నుంచి వేరు చేసి గుర్తించే 12 అక్షరాంకెల వరుస. గ్రామఫోన్ కాలంలో లేబుల్ మీది కేటలాగు నంబరు అమ్మకానికి వచ్చిన రికార్డును సూచిస్తే, లేబుల్ పక్కన చెక్కిన మాట్రిక్స్ నంబరు ఆ ముఖం మీది ముద్రణను సూచించేది. అయితే ఆ నంబర్లను ఏ కంపెనీకి ఆ కంపెనీయే వేసుకునేది కాబట్టి, పాట హక్కులు చేతులు మారినా, మరో దేశపు సంకలనంలో చేరినా దాని ఆనవాలు పట్టడం కష్టమయ్యేది. ఈ లోటు తీర్చడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1986లో ఐఎస్‌ఓ 3901 ప్రమాణాన్ని వెలువరించింది. దాని నిర్వహణను రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐఎఫ్‌పీఐ 1989 నుంచి చూస్తున్నది.

సంకేతంలోని తొలి రెండు అక్షరాలు మొదట దేశాన్ని, తరువాతి మూడు నమోదుదారును తెలిపేవి. 2019 నాటి సవరణలో ఈ ఐదింటినీ కలిపి ఒకే ఉపసర్గగా పరిగణించారు. తరువాతి రెండంకెలు సంవత్సరానివి, చివరి ఐదు క్రమసంఖ్యవి. ఇక్కడ సంవత్సరమంటే సంకేతం కేటాయించిన ఏడాదే తప్ప పాట పాడిన ఏడాది కాదు. 1950ల నాటి తెలుగు సినిమా పాటకు 2005లో సంకేతం ఇస్తే అందులో కనిపించేది 05 కాబట్టి, చరిత్రకారులు దానిని ఆధారంగా తీసుకోరాదు.

సంకేతం గుర్తించేది రచనను కాదు, ముద్రణను. త్యాగరాజు కృతి ‘ఎందరో మహానుభావులు’ను ఎందరు పాడి రికార్డు చేస్తే అన్ని సంకేతాలు అవసరమవుతాయి, ఒకే గాయకుడు స్టూడియోలో పాడినది, కచేరీలో పాడినది కూడా వేర్వేరు ముద్రణలే. రచనకు ఐఎస్‌డబ్ల్యూసీ అనే వేరొక సంకేతం, ఆల్బమ్‌కు బార్‌కోడ్ ఉన్నాయి. రీమిక్స్‌కు కొత్త సంకేతం కావాలి. ముద్రణ మారకుండా ఎల్‌పీ నుంచి సీడీకి, అక్కడి నుంచి స్ట్రీమింగ్‌కు వెళితే పాతదే కొనసాగాలి.

యజమాని ఎవరో సంకేతం చెప్పదు; ఆ వివరాలు విడిగా డేటాబేస్‌లలో ఉంటాయి. అందువల్ల హక్కులు కొన్న సంస్థ పాత సంకేతాన్ని వెతకకుండా కొత్తది ఇస్తే, ఒకే పాట రెండుగా నమోదై, వినికిడి లెక్కలు చీలి, కళాకారులకు చేరవలసిన రాయల్టీ ఆగిపోయే ప్రమాదం ఉంది.