ఆర్నె సుక్స్‌డార్ఫ్: బస్తర్‌ను వెండితెరకెక్కించిన స్వీడన్ దర్శకుడు

ఆర్నె సుక్స్‌డార్ఫ్ (1917–2001) స్వీడన్‌కు చెందిన చలనచిత్ర దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, ఎడిటర్. స్టాక్‌హోమ్‌లో 1917 ఫిబ్రవరి 3న పుట్టి, 2001 మే 4న అదే నగరంలో కన్నుమూశాడు. సినిమా చరిత్ర పుస్తకాలు ఆయనను ప్రకృతి చిత్రాల దర్శకుల వరసలో పెడతాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఆయన పేరు చెంద్రు అనే మురియా తెగ బాలుడి కథకు అనుబంధంగా మాత్రమే వినిపిస్తుంది. కిరండూల్, బచేలి, జగదల్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగువారిలోనూ పులితో ఆడుకున్న పిల్లవాడి సంగతి తెలిసినవారు చాలామందే ఉంటారు, ఆ చిత్రం తీసినవాడి మిగతా పని చూసినవారు అరుదు. బస్తర్ చిత్రం విలువ తెలియాలంటే ఆ మిగతా పనిని కూడా చూడాలి. అందుకే ఇక్కడ రెంటికీ చోటిచ్చాం.

తొలి చిత్రాలు

మొదట ప్రకృతి శాస్త్రం, ఆ తర్వాత చిత్రలేఖనం నేర్చుకుని సుక్స్‌డార్ఫ్ కెమెరా వైపు వచ్చాడు. మొదటి లఘుచిత్రం ‘ఎన్ ఔగుస్తిరాప్సొడి’ని కొందరు 1939 కింద, కొందరు 1940 కింద చూపుతారు. చిత్రీకరణ ఏడాది ఒకటి, ప్రదర్శన ఏడాది మరొకటి కావడం వల్ల వచ్చిన తేడాగా దీన్ని తీసుకోవచ్చు. 1941 నాటి ‘ఎన్ సొమ్మర్‌సాగా’తో ఆయన పద్ధతి స్థిరపడింది. రచన, ఛాయాగ్రహణం, కూర్పు చాలావరకు తన చేతిలోనే ఉంచుకునేవాడు. వ్యాఖ్యానం వీలైనంత తగ్గించి, ఒక జంతువు చూపు నుంచి మరో జంతువు కదలికకు కట్ చేస్తూ పోయి ఆ కూర్పుతోనే కథ నడిపేవాడు.

1944లో వచ్చిన ‘త్రూత్!’ బాల్టిక్ సముద్రంలోని ఒక దీవి మీద పక్షుల కాలనీ గురించిన చిత్రం. ఇతర పక్షుల గూళ్లను దోచుకునే సముద్రపు కాకిలో నాటి ప్రేక్షకులు నాజీల నీడను చూశారు. దర్శకుడు ఎంతవరకు ఆ ఉద్దేశంతో తీశాడన్నది చర్చనీయమే. తటస్థంగా ఉన్న దేశంలో, యుద్ధం నడుస్తుండగా వచ్చిన చిత్రం కాబట్టి ఆ అర్థాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. 1948 నాటి ‘ఎన్ క్లూవెన్ వార్ల్‌ద్’ అంతకంటే బిగువైనది. శీతాకాలపు రాత్రి, మంచు కప్పిన అడవి, నక్క, కుందేలు, గుడ్లగూబ, దూరంగా మనిషి కట్టిన చర్చి నుంచి బాక్ సంగీతం. పది నిమిషాల లోపే వేట మొదలై ముగుస్తుంది. లఘుచిత్రాల్లో ఇదే ఆయన అత్యుత్తమ చిత్రమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బహుమతి మాత్రం మరోదానికి దక్కింది. స్టాక్‌హోమ్ నగరంలో ఒక పగటి సంచారంలా సాగే ‘మానిస్కొర్ ఇ స్తాద్’ (1947) 1949లో ఉత్తమ లఘుచిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. స్వీడన్ చిత్రానికి దక్కిన తొలి ఆస్కార్‌గా దీన్ని లెక్కిస్తారు.

భారతదేశంతో ఆయన పరిచయం బస్తర్‌తో మొదలు కాలేదు. కాశ్మీర్‌లో నది మీది జీవితాన్ని చూపే ‘విండెన్ ఓ ఫ్లూడెన్’, ‘ఇండిస్క్ బీ’ అనే గ్రామచిత్రం రెండూ 1951లో వచ్చాయి. అవి చిన్న చిత్రాలు. బస్తర్‌కు వచ్చేనాటికి ఈ దేశపు వెలుతురు, దుమ్ము, జనం మధ్య కెమెరా పెట్టడంలోని కష్టం ఆయనకు కొత్త కావని చెప్పడానికి మాత్రం ఇవి సాక్ష్యం.

నీరుకుక్క చిత్రం

మొదటి పూర్తి నిడివి చిత్రం ‘దెత్ స్తూరా ఆవెంతీరెత్’ (1953) మరుసటి ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో బహుమతి పొందింది. అడవి అంచున ఒక పొలం, ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. వాళ్లు ఒక నీరుకుక్కను పట్టి, పెద్దవాళ్లకు తెలియకుండా అటక మీద దాచి చలికాలమంతా సాకుతారు. దానికి రోజూ చేపలు కావాలి, అవి తేవాలంటే గడ్డకట్టిన నీటి మీదికి వెళ్లాలి, వెళ్లిన సంగతి ఇంట్లో తెలియకూడదు. పిల్లల ఈ రహస్యం పక్కనే నక్క బతుకూ నడుస్తుంటుంది. అది కోళ్లను ఎత్తుకుపోతుంది, రైతు దాని కోసం తుపాకీ పట్టుకుని కాస్తుంటాడు. ఎవరినీ దుర్మార్గులుగా చూపని చిత్రమిది. రైతుకు కోళ్లు కావాలి, నక్కకు పిల్లలున్నాయి. వసంతం రాగానే నీరుకుక్క చేజారిపోతుంది. పిల్లవాడి ముఖం మీద ఆ నష్టం కనిపించే క్షణాన్ని సుక్స్‌డార్ఫ్ సాగదీయడు, ఆకాశంలో తిరిగివచ్చే కొంగల వైపు కెమెరా ఎత్తేస్తాడు. తండ్రి పాత్ర దర్శకుడిదే. అన్నదమ్ముల్లో ఒకరు ఆయన కొడుకు.

పద్ధతి గురించి ఒక మాట. ఇవి పొదలో దాక్కుని యథాతథంగా పట్టిన దృశ్యాలు కావు. జంతువులను మచ్చిక చేసి, కొన్నిటిని ఆవరణల్లో ఉంచి, కావలసిన కదలిక దొరికేదాకా నెలల తరబడి కాచుకుని తీసినవి. నేటి వన్యప్రాణి చిత్రాల కొలతతో చూసి దీన్ని మోసమనే విమర్శకులున్నారు. ఆయన తీసింది వార్తాచిత్రం కాదు, కట్టిన కథ. ఆ సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు. ఈ పద్ధతి తెలియకపోతే బస్తర్ చిత్రం విషయంలో పొరపాటు పడే ప్రమాదం ఉంది.

ఎన్ డ్యుంగెల్‌సాగా

1950ల మధ్యలో సుక్స్‌డార్ఫ్, ఛాయాచిత్రకారిణి అయిన భార్య ఆస్ట్రిడ్ నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ గ్రామానికి వచ్చారు. అప్పటికి బస్తర్ సంస్థానం భారతదేశంలో విలీనమై పదేళ్లు కూడా కాలేదు. మురియాల గురించి బయటి ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన ఘోటుల్ (మురియా యువతీయువకుల ఉమ్మడి నివాసం) అధ్యయనం ద్వారానే. మురియాలు మాట్లాడే గోండి, తెలుగు ఒకే ద్రావిడ ఉపశాఖకు చెందిన భాషలు. ఆదిలాబాద్ గోండుల గూడేలను ఎరిగినవారికి ఈ చిత్రంలోని ఇళ్లు, డోళ్లు, దేవర కొలువులు పరాయివిగా అనిపించవు.

అక్కడ తీసిన ‘ఎన్ డ్యుంగెల్‌సాగా’ 1957లో స్వీడన్‌లో విడుదలైంది, 1958 కాన్ ఉత్సవంలో పోటీకి నిలిచింది. అమెరికాలో ‘ద ఫ్లూట్ అండ్ ది యారో’ పేరుతో 1960లో వచ్చింది. కొన్ని జాబితాలు ఈ చివరి ఏడాదినే నిర్మాణ సంవత్సరంగా వేస్తున్నాయి, అది సరికాదు. సంగీతం రవిశంకర్‌ది. ‘పథేర్ పాంచాలి’ (1955) తర్వాత కొద్దికాలానికే చేసిన ఈ పని ఆయన జీవిత కథల్లో అంతగా ప్రస్తావనకు రాదు. అగాస్కోప్ అనే స్వీడిష్ వెడల్పు తెర విధానంలో, రంగుల్లో తీశారు. ఆ రోజుల్లో తెలుగు సినిమాల్లో అత్యధికం నలుపు తెలుపుల్లోనే, సెట్ల మధ్యే తయారయ్యేవి. అలాంటప్పుడు అంత బరువైన సామగ్రిని రైలు కూతైనా వినపడని నారాయణపూర్ అడవికి చేర్చడమే పెద్ద పని.

ఊరిని ఒక చిరుత పీడిస్తుంటుంది. దేవతలకు కోపం వచ్చిందని ఊరు తలుస్తుంది. గింజో అనే వేటగాడు, చెంద్రు అనే పిల్లవాడు కథకు కేంద్రం. పాత్రధారులు మురియాలే. కథ పలుచనిదని అప్పటి నుంచీ ఒక విమర్శ ఉంది, అందులో న్యాయం లేకపోలేదు. పిల్లనగ్రోవి ఒకవైపు, బాణం మరోవైపు పెట్టి అడవి జీవితాన్ని రెండు ముక్కల్లో చెప్పేయడం బయటి మనిషి సులువుగా చేసే పనే. అయినా వెన్నెల రాత్రి డోళ్ల చుట్టూ తిరిగే ఆట, ఆకుల సందుల్లో విల్లు వంచిన చేయి, నీళ్లలో పిల్లవాడి పక్కనే నడిచే పులి కూన, వీటిని చూపడంలో నీరుకుక్కను చూపిన కన్నే పనిచేసింది. మనిషికీ మృగానికీ ఒకే శ్రద్ధ, ఒకే దూరం. ఆయన మొత్తం పనిలో ఇది శిఖరం కాదు. బస్తర్ గురించి బయటివారు తీసిన చిత్రాల్లో ఇంత ఓపికగా చూసింది మరొకటి లేదు.

కాలం దృష్ట్యా దీనికి అదనపు విలువ ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం జపాన్‌తో ఒప్పందం 1960లో కుదిరింది. దండకారణ్య–బోలంగీర్–కిరిబూరు పథకం కింద కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన రైలుమార్గం 1960ల చివర్లో అందుబాటులోకి వచ్చింది. కిరండూల్‌లోని 14వ నిక్షేపంలో ప్రభుత్వరంగ గనుల సంస్థ ఎన్ఎండీసీ తవ్వకం 1968లో మొదలైంది. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఇటు కదిలింది ఆ తర్వాతే. కాబట్టి మన రాకకు పదేళ్ల ముందరి బస్తర్‌ను రంగుల్లో చూపే దృశ్యపత్రం ఇది. ఒక్క జాగ్రత్త అవసరం. నారాయణపూర్ మురియాలు వేరు, బైలదిల్లా కొండల చుట్టూ ఉండే దండామి మాడియాలు వేరు. ఈ చిత్రం చూసి కిరండూల్ ప్రాంతపు పూర్వరూపం ఇదేనని అనుకోకూడదు.

చెంద్రు

చెంద్రు మండావి గఢ్‌బెంగాల్ వాడు. చిత్రం తర్వాత సుక్స్‌డార్ఫ్ దంపతులు అతణ్ని స్వీడన్ తీసుకెళ్లారు. అక్కడ సుమారు ఏడాది ఉన్నాడని ఎక్కువ కథనాలు చెబుతాయి. తిరిగి వచ్చినప్పుడు నెహ్రూ కలుసుకుని చదువుకోమన్నాడన్నది హిందీ పత్రికల్లో తరచు కనిపించే మాట.

పులి ఎక్కడిదన్న విషయంలో రెండు కథనాలున్నాయి. ఇంటి పెద్దలు అడవి నుంచి కూనను తెచ్చి పిల్లవాడికి ఇచ్చారని, టెంబు అని పేరు పెట్టి పెంచారని, ఆ సంగతి విని దర్శకుడు వచ్చాడని ఒకటి. చిత్రీకరణ కోసమే బృందం కూనలను సమకూర్చిందని రెండోది. స్థానికంగా మొదటిదానికి ఆదరణ ఎక్కువ. స్వీడన్‌లో జంతువులను మచ్చిక చేసి తీసిన దర్శకుడి అలవాటును బట్టి చూస్తే రెండోదే సహజంగా తోస్తుంది. వయసులోనూ చిక్కు ఉంది. 2013 సెప్టెంబరులో జగదల్‌పూర్‌లో చెంద్రు మరణించినప్పుడు ఎనభైకి చేరువైన వృద్ధుడని వార్తలు వచ్చాయి. ఆ లెక్కన చిత్రం నాటికి ఇరవై ఏళ్లుండాలి. తెర మీద కనిపించేది పదేళ్ల అటూ ఇటూ పిల్లవాడు. కాబట్టి 1940ల్లో పుట్టాడనుకోవడమే ఉచితం.

రాబర్ట్ ఫ్లాహర్టీ పనిచేసిన ‘ఎలిఫెంట్ బాయ్’ (1937)తో మైసూరు మావటి కుటుంబపు బాలుడు సాబు హాలీవుడ్ చేరి నటుడిగా నిలదొక్కుకున్నాడు. చెంద్రుకు రెండో చిత్రం రాలేదు. ఊరికి తిరిగివచ్చి పేదరికంలోనే బతికాడు. ఈ విషయంలో దర్శకుణ్ని అభిమానించేవారు కూడా కొంత ఇబ్బంది పడక తప్పదు. లోకమంతా చూసిన ముఖానికి ఆ లోకం నుంచి దక్కింది చాలా తక్కువ. నవా రాయ్‌పూర్ జంగిల్ సఫారీలో చెంద్రు, పులి కలిసి ఉన్న విగ్రహం తర్వాతి కాలపు గుర్తింపు.

బ్రెజిల్ దశ

‘పొయికెన్ ఇ త్రేదెత్’ (1961) ప్రేక్షకాదరణ పొందలేదు. క్విన్సీ జోన్స్ సంగీతం ఇచ్చిన తొలి చిత్రంగా ఇప్పుడు దాని పేరు వినిపిస్తోంది. 1962లో సుక్స్‌డార్ఫ్ రియో డి జనీరోలో యువ దర్శకులకు శిక్షణ తరగతులు నడిపాడు. సినిమా నోవో అనే బ్రెజిల్ సినిమా ఉద్యమంలో తర్వాత పేరు తెచ్చుకున్న కొందరు అక్కడ పాఠాలు విన్నవారే. వీధిబాలల మీద తీసిన ‘మిత్ హెమ్ ఎర్ కొపకబానా’ (1965) కాన్‌కు వెళ్లింది, స్వీడన్‌లో ఉత్తమ దర్శకుడిగా గుల్డ్‌బాగె పురస్కారం తెచ్చింది. తర్వాత చాలా ఏళ్లు మాతో గ్రోసో ప్రాంతంలో గడిపాడు. ‘మిస్టర్ ఫోర్బుష్ అండ్ ది పెంగ్విన్స్’ (1971)లో అంటార్కిటికా దృశ్యాలు ఆయనవే. చివరి రోజుల్లో స్వదేశానికి తిరిగి వెళ్లాడు.

గఢ్‌బెంగాల్ ఇప్పటికీ కళాకారుల ఊరే. సులూర్ అనే బస్తర్ వెదురు వేణువు తయారీకి, కొయ్య చెక్కడానికి పేరుపొందిన పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ లభించింది. చిత్రాన్ని వెతికేవారు ఒక సంగతి గమనించాలి. ‘చెంద్రు’ పేరుతో దొరికేది ఆస్ట్రిడ్ ఛాయాచిత్రాల పుస్తకం, 1960 ప్రాంతంలో పలు భాషల్లో వెలువడింది. బాలుడు, పులి కలిసి ఉన్నట్టుగా పత్రికల్లో తరచు అచ్చయ్యే నిశ్చల చిత్రాలు ఆమె తీసినవి. వాటిని సినిమాలోని దృశ్యాలుగా పేర్కొనడం, ఆర్నె పేరు కింద వేయడం పలుచోట్ల జరిగింది.