రక్షణ: జీతమా, వరమా?



సంఘంలో ఎవరైనా మంచం పట్టినప్పుడు, పరామర్శకు వెళ్ళిన కాపరులు తరచూ వినే మాట ఒకటుంది. "అయ్యగారూ, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు మందిరానికి వచ్చాను, చందా కట్టాను, ఉపవాసాలున్నాను. ఇప్పుడేమీ చేయలేకపోతున్నాను. దేవుడు నన్ను చేర్చుకుంటాడంటారా?" ఇలా అడిగేది అవిశ్వాసి కాదు, ఏళ్ళ తరబడి ప్రభువు బల్లలో పాలుపొందిన మనిషే. ఇన్నాళ్ళూ ఆ హృదయం దేని మీద ఆనుకుని ఉన్నదో ఆ ప్రశ్నలో బయటపడుతుంది. రక్షణ మనం చేసిన పనికి దేవుడిచ్చే జీతమా, లేక ఆయన ఉచితంగా ఇచ్చే వరమా? వాక్యపు వెలుగులో దీనిని పరిశీలిద్దాం.

మాటల అర్థం

పాపపు దోషం నుండి, దాని శిక్ష నుండి దేవుడు మనిషిని విడిపించి తనతో సమాధానపరచుకోవడమే రక్షణ. అర్హత లేనివారి పట్ల దేవుడు చూపే దయ కృప. క్రియలంటే ధర్మశాస్త్రం కోరిన ఆచారాలు మాత్రమే కాదు. దేవుని ఎదుట "ఇదిగో నా అర్హత" అని మనిషి చూపించుకునే ప్రతిదీ ఆ మాటలోకి వస్తుంది.

విశ్వాసమనే మాటను జాగ్రత్తగా గ్రహించాలి. దేవుడున్నాడని ఒప్పుకోవడమే విశ్వాసమైతే అది దయ్యాలకూ ఉందని యాకోబు పత్రిక 2:19 చెబుతోంది. క్రీస్తు సిలువపై చేసిన కార్యం మీద మన భారమంతా వేసి ఆనుకోవడమే రక్షించే విశ్వాసం. ఈత రానివాడు తనను ఒడ్డుకు చేరుస్తున్నవాని చేతుల్లో ఒదిగి ఉండటం వంటిది అది. ఒడ్డుకు చేర్చినది అతడు ఒదిగి ఉండటం కాదు, మోసినవాని బలం. అలాగే రక్షించేవాడు క్రీస్తే. విశ్వాసం ఆయనను పట్టుకునే చేయి మాత్రమే.

మన తెలుగు బైబిలులో "నీతిమంతులుగా తీర్చబడుట" అనే మాట తరచూ కనిపిస్తుంది. ఈ "తీర్చబడుట"లో ఉన్నది "తీర్పు"లోని ధాతువే. ఇది న్యాయస్థానపు మాట. దోషిగా నిలబడినవానిని న్యాయాధిపతి క్రీస్తును బట్టి నిర్దోషి అని ప్రకటించడం దాని భావం.

అబ్రాహాము దగ్గర మొదలుపెట్టిన పౌలు

గలతీయ సంఘాలలో కొందరు బోధకులు, అన్యజనులు క్రీస్తును నమ్మితే సరిపోదనీ సున్నతి కూడా పొందాలనీ చెప్పారు. పౌలు దీనిని చిన్న విషయంగా తీసుకోలేదు. ధర్మశాస్త్రం వలననే నీతి కలిగితే క్రీస్తు మరణం వ్యర్థమని గలతీ 2:21లో తేల్చి చెప్పాడు.

రోమా పత్రిక 4వ అధ్యాయంలో ఆయన వాదన చాలా సూటిగా ఉంటుంది. పనిచేసినవానికి ఇచ్చేది జీతం. దానిని ఎవరూ దానమనరు, అది యజమాని చెల్లించవలసిన బాకీ. అయితే దేవుడు ఎవరికీ బాకీ లేడు. ఇందుకు సాక్షిగా పౌలు అబ్రాహామును పిలుస్తాడు. అబ్రాహాము నమ్మినది నీతిగా ఎంచబడిన సంగతి ఆదికాండము 15వ అధ్యాయంలో ఉంది. సున్నతి 17వ అధ్యాయంలో గాని రాదు. ఈ రెంటి మధ్య ఇష్మాయేలు పుట్టాడు. అప్పటికి అబ్రాహాముకు 86 ఏళ్ళు, సున్నతి పొందేనాటికి 99. అంటే ఆచారానికి కనీసం 13 ఏళ్ళ ముందే ఆయన నీతిమంతుడుగా ఎంచబడ్డాడు.

ప్రభువు స్వయంగా చెప్పిన ఉపమానం కూడా ఇదే నేర్పుతుంది (లూకా 18:9-14). ఉపవాసాలూ దశమభాగాలూ లెక్కచెప్పిన పరిసయ్యుడు కాదు, తల ఎత్తలేక కనికరం అడిగిన సుంకరి నీతిమంతుడుగా ఇంటికి వెళ్ళాడు. ఇక సిలువపై దొంగ సంగతి తెలిసిందే. అతనికి బాప్తిస్మం పొందే వీలు లేదు. కానుక వేయడానికి చేతులు మేకులకు ఉన్నాయి. తనను జ్ఞాపకం చేసుకొమ్మని మాత్రం అడిగాడు. ఆ దినమే పరదైసు వాగ్దానం పొందాడు.

మరి యాకోబు మాటేమిటి?

"విశ్వాసం మాత్రమే" అనే మాటలు జంటగా కనిపించేది క్రొత్త నిబంధనలో ఒకే ఒక్కచోట, యాకోబు 2:24లో. అక్కడ ఆ పత్రిక, మనిషి విశ్వాసం మాత్రమే వలన నీతిమంతుడని ఎంచబడడనే చెబుతోంది. దీనిని దాచిపెట్టి బోధించడం నమ్మకమైన పని కాదు.

సందర్భం చూస్తే ముడి విడిపోతుంది. పౌలు ఎదుర్కొన్నది క్రియలను చూపి దేవుని ఎదుట హక్కు కోరేవారిని. యాకోబు ఎదుర్కొన్నది, ఆకలితో ఉన్న సహోదరుని ఉత్తమాటలతో సాగనంపి తమకు విశ్వాసముందని చెప్పుకునేవారిని. యాకోబు ఉదాహరణ కూడా అబ్రాహామే. అయితే ఆయన ఎత్తి చూపినది ఇస్సాకును బలిపీఠం మీద ఉంచిన ఆదికాండము 22వ అధ్యాయపు ఘటనను. 15వ అధ్యాయంలో నాటుకున్న వేరు 22వ అధ్యాయంలో ఫలం చూపింది. ఎఫెసీ 2:8-10లో పౌలు కూడా ఇదే క్రమం పాటించాడు. రక్షణ దేవుని వరమని మొదట చెప్పి, ఆ వెంటనే మనం సత్‌క్రియల కోసం సృష్టించబడ్డామని చెప్పాడు. ఫలం లేని చెట్టు బ్రతికి ఉందనలేము. అయితే ఫలాలు తెచ్చి కొమ్మలకు కట్టినంత మాత్రాన ఎండిన చెట్టుకు ప్రాణం రాదు.

సంఘ చరిత్రలో

మార్టిన్ లూథర్ 1505లో ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలూ జాగరణలూ ఎన్ని చేసినా ఆయన మనస్సాక్షికి నెమ్మది దొరకలేదు. రోమా 1:17ను ధ్యానిస్తూ ఉండగా, దేవుని నీతి విశ్వాసికి అనుగ్రహించబడే వరమని గ్రహించాడు. 1517లో పాపశిక్ష తగ్గింపు పత్రాల అమ్మకాన్ని ప్రశ్నిస్తూ ఆయన వ్రాసిన 95 సిద్ధాంతాలు ఐరోపాను కదిలించాయి. 1547లో ట్రెంట్ సభ, కృప లేకుండా తన క్రియల వలన ఎవరూ నీతిమంతులు కాలేరని ఒప్పుకుంటూనే, విశ్వాసం మాత్రమే చాలుననే బోధను తిరస్కరించింది. నాలుగున్నర శతాబ్దాల తరువాత, 1999 అక్టోబర్ 31న, లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. భేదాలు కొన్ని మిగిలినా, మన యోగ్యతను బట్టి కాక కృప చేతనే దేవుడు మనలను అంగీకరిస్తాడని ఇరుపక్షాలూ కలిసి ఒప్పుకున్నాయి. 2006లో మెథడిస్టు ప్రపంచ మండలి కూడా ఇందులో చేరింది.

జాన్ వెస్లీ అనుభవం మనకు మరింత దగ్గరగా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడే ఆయన ఖైదీలను దర్శించేవాడు, బీదలకు సాయం చేసేవాడు, మిషనరీగా జార్జియా కూడా వెళ్ళివచ్చాడు. అయినా నిశ్చయత లేదు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో, రోమా పత్రికకు లూథర్ వ్రాసిన ముందుమాట చదువుతుండగా విని, క్రీస్తును మాత్రమే నమ్ముకున్నాడు. ఆ తరువాత ఆయన సేవ ఆగలేదు, ఇంకా విస్తరించింది. అదివరకు నిశ్చయత కోసం చేసినవాడు, ఇప్పుడు నిశ్చయత కలిగి చేశాడు.

మన గడ్డ మీద కూడా ఇందుకు సాక్ష్యముంది. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి పని కల్పించడానికి బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకున్నారు. అయితే కూలికోసం, కూటికోసం ఎవరూ సంఘంలో చేరకూడదని కరవు సాయం సాగిన రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశారు. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూడు పెట్టి విశ్వాసాన్ని కొనకూడదని ఆయన ఎరిగినవాడు. కానుకలు పెట్టి రక్షణను కొనలేమని మనమూ ఎరగాలి.

మన సంఘాలకు

ఈ సత్యాన్ని మరిస్తే రెండు ప్రమాదాలున్నాయి. ఇవ్వగలిగినవాడు గర్విస్తాడు. అతని పేరు రాతిపలక మీద చెక్కిస్తారు, ముందు వరుసలో కుర్చీ వేస్తారు. ఇవ్వలేని విధవరాలు, మందిరానికి నడవలేని ముసలివాడు నిరాశపడతారు. "పదివేలు మొక్కుకోండి, మీ పని జరుగుతుంది" అనే బోధ వినబడినప్పుడల్లా వరం మళ్ళీ జీతంగా మారిపోతోందని గుర్తించాలి.

మరోవైపు, "విశ్వసించాను కదా" అంటూ తప్పుడు తూకంతో వ్యాపారం చేసేవాడు, పనిమనిషి జీతం బిగబట్టేవాడు, కట్నం కోసం కోడలిని వేధించేవాడు తన విశ్వాసం బ్రతికి ఉందో లేదో పరీక్షించుకోవాలి. కృప చవకైనది కాదు. మనకు ఉచితంగా దొరికినా, దానికి వెల చెల్లించినవాడు దేవుని కుమారుడు.

మొదట చెప్పిన ఆ మంచం దగ్గరికి తిరిగి వెళ్దాం. "ఇప్పుడేమీ చేయలేకపోతున్నాను" అన్నవారికి చెప్పవలసినది ఇది: అమ్మా, నీవు మందిరానికి పరుగెత్తి వచ్చిన రోజుల్లో కూడా నిన్ను నిలబెట్టినది నీ పరుగు కాదు, ఆయన కృపే. ఆ కృప ఈ రోజు ఏమీ తగ్గలేదు. నీ చేతులు ఖాళీగా ఉన్నాయని భయపడవద్దు, వరం అందుకోవడానికి ఖాళీ చేతులే కావాలి.

ఆ నిశ్చయత ప్రతి పాఠకునికి, ప్రతి కుటుంబానికి ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.