వైద్యకళాశాల వాకిలి – మన్యపు బిడ్డ



మన మహాసభ యేటేట కూడునపుడు పూర్వుల చరిత్రమును, కులాచారములను గూర్చిన వ్యాసములు ఈ సంచికయందు ప్రకటింపబడుట వాడుక. ఈ యేట నేను మరియొక చరిత్రమును విన్నవింప దలచితిని. వైద్యవిద్య నభ్యసింప గోరు విద్యార్థిని కళాశాలవారు వాకిటనే నిలిపి, "ఏమి చదివితివి? ఎంత నేర్చితివి? ఎవ్వరి బిడ్డవు?" అని మూడు ప్రశ్నల నడుగుదురు. ఈ ప్రశ్నలకు ఏ కాలమున నెట్టి సమాధానము కోరబడెనో, ఆ సమాధానము చెప్పుటకు మన కొండబిడ్డకు సాధనము లుండెనో లేదో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

అరకులోయ చుట్టునుగల కొండశిఖరపు గూడెములనుండి నేటికిని రోగులను, నిండుచూలాండ్రను డోలీ గట్టి బాట దాక మోసికొని వచ్చుట మీరెల్ల రెరిగినదే. ఆ డోలీలోని తల్లి తన బాధను కువిభాషలోనో, గదబభాషలోనో, ఆదివాసీ ఒడియాలోనో చెప్పుకొనును. వినువా డా భాష నెరుగనిచో సగము రోగము చెప్పబడకయే మిగిలిపోవును. మన భాష తెలిసిన వైద్యుడు మన నడుమ నుండవలెనన్న మన బిడ్డ యా వాకిలి దాటవలయును.

పూర్వస్థితి

కొండలలో వైద్యమే లేకుండె ననుట సత్యము కాదు. వేరు, బెరడు, పసరుల గుణము నెరిగిన దిసారులును, విరిగిన యెముకకు వెదురుబద్దలతో కట్టు గట్టు పెద్దలును, కాన్పు చేయు మంత్రసానులును మన గూడెములం దుండిరి. శిష్యుడు గురువు వెంట అడవి దిరిగి నేర్చుకొనెడివాడు. అక్కడ వాకిలియు లేదు, వాకిట నడుగు ప్రశ్నయు లేదు. కాని ఆ విద్యకు మన్యపు చలిజ్వరము లొంగలేదు. ఆ జ్వరభయముచేతనే మైదానపు టుద్యోగులు కొండకు బదిలీ యన్నచో గుండె జార్చుకొనెడివారు.

1839వ సంవత్సరపు 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణ మండలముల కొండభాగములు సాధారణ న్యాయస్థానముల యధికారమునుండి తొలగింపబడి, గవర్నరు ఏజంటను పేర కలెక్టరు చేతి కీయబడెను. మన సీమకు "ఏజెన్సీ" యను పేరు దానివలననే వచ్చెను. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము ననుసరించి యీ ప్రాంతములు పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతము లాయెను. ఈ ప్రత్యేక పాలనవలన మన భూములకు కొంత రక్షణ కలిగియుండవచ్చును. పాఠశాలలు మాత్రము మైదానమున వ్యాపించినట్లు కొండ నెక్కలేదు.

రెండు వాకిళ్లు

విశాఖపట్టణమున 1902లో వైద్యపాఠశాల నెలకొల్పబడెను. తరువాత 1923 జూలైలో వైద్యకళాశాల ప్రారంభమయ్యెను. ఆ నెలలోనే నాటి చెన్నరాష్ట్ర ప్రధానమంత్రి పానగల్ రాజావారు కింగు జార్జి ఆసుపత్రిని తెరచిరి. ఆ కళాశాలకే 1940లో ఆంధ్ర వైద్యకళాశాల యని పేరు మారెను. కొండదిగువను, నూరు కిలోమీటర్లకు కొంచెము మించిన దూరమున, ఇంతటి విద్యాలయము వెలసినను దాని మేలు మన బిడ్డలకు వెంటనే యేల చేరలేదు?

ఆ దినములలో వైద్యవిద్యకు రెండు వాకిళ్లు గలవు. పాఠశాలలో చదివి ఎల్.ఎం.పి. యను యోగ్యతాపత్రము పొందుట యొకటి. కళాశాలలో చదివి ఎం.బి.బి.యస్. పట్టము నందుట రెండవది. మొదటిదానికి ఉన్నతపాఠశాల చదువు ముగించినవాడు చేరవచ్చును. రెండవదానికి విశ్వవిద్యాలయపు ఇంటర్మీడియెట్ పరీక్ష, అందును ప్రకృతిశాస్త్రములతో, తీరియుండవలెను. మొదటి వాకిలి గడప తక్కువ యెత్తు. పేదకుటుంబముల పిల్ల లనేకులు దానినుండియే వైద్యులై పల్లెలలో స్థిరపడిరి.

ఆ తక్కువ గడప క్రమముగా మూయబడెను. 1933వ సంవత్సరపు ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టము పట్టభద్రుల విద్యనే తన పరిశీలనలోనికి దీసికొని ఎల్.ఎం.పి. వారిని వెలుపల నుంచెను. 1938లో చెన్నపట్టణపు స్టాన్లీ వైద్యపాఠశాల కళాశాలగా మారెను. 1946లో భోర్ కమిటీవారు దేశమంతటికిని ఒక్క తెగ వైద్యుడే యుండవలెననియు, ఆ వైద్యుడు పట్టభద్రుడే కావలెననియు సిఫారసు చేసిరి. పల్లెవాని ప్రాణమునకు తక్కువ చదువుగల వైద్యుడు చాలునా యని వారు వేసికొనిన ప్రశ్న న్యాయమైనదే. వారి యుద్దేశమును నిందింపను. అయినను గడప యెత్తు పెంచునపుడు మెట్లును కట్టవలెను. మైదానమున మెట్లు కట్టబడెను. మన్యమున ఉన్నతపాఠశాలయే యరుదైన కాలమున ఇంటర్మీడియెట్ శాస్త్రవిద్య యెక్కడిది?

"ఎవ్వరి బిడ్డవు?"

ఇక మూడవ ప్రశ్న. చెన్నరాష్ట్రమున 1921 మొదలుకొని కులమతముల వంతులను నిర్ణయించు ప్రభుత్వపు టుత్తరువులు పుట్టెను. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 స్థానములకు బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును దేశీయ క్రైస్తవులకును కలిపి 1, మహమ్మదీయులకు 1 చొప్పున పంచుచుండిరి. ఈ పట్టికను మరల నొకమారు చదువుడు. అం దందరి పేళ్లును గలవు; కొండజాతులని వేరుగా నొక్క మాటయు లేదు. మన కన్యాయము చేయవలెనని యెవరో తలచి మన పేరు కొట్టివేసి రనుకొనరాదు. వాకిటికి వచ్చి యడిగినవారి పేళ్లే పట్టికలో జేరును. మనము వాకిటిదాకనే పోలేదు.

ఈ పట్టిక 1951లో న్యాయస్థానమున కూలిపోయెను. చంపకం దొరైరాజన్ అను బ్రాహ్మణస్త్రీ తనకు వైద్యకళాశాలలో ప్రవేశము దొరకదని తెలిసి, దరఖాస్తయిన పెట్టకయే, చెన్నపట్టణపు హైకోర్టు నాశ్రయించెను. అప్పుడు రాష్ట్రమున నాలుగు ప్రభుత్వ వైద్యకళాశాలలును, వానియందు 330 స్థానములును మాత్రమే యుండెను. 1951 ఏప్రిల్ 9వ తేదీని సుప్రీముకోర్టువారు, ఈ పంపకము రాజ్యాంగపు 29వ అధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. రెండు నెలలు దాటగనే, జూన్ 18వ తేదీని, రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగెను. దానిచే 15వ అధికరణమునకు నాలుగవ ఖండము చేర్పబడెను. సాంఘికముగను విద్యావిషయమునను వెనుకబడిన వర్గములకును, షెడ్యూల్డు కులములకును, షెడ్యూల్డు తెగలకును ప్రత్యేకపు టేర్పాట్లు చేయవచ్చునని యందు గలదు. బగత, కొండదొర, కొండకాపు, వాల్మీకి, కోటియ, గదబ, పోర్జ, ఖోండు మొదలగు మన తెగల పేళ్లు రాష్ట్రపతి 1950లోను, పిమ్మటను ప్రకటించిన జాబితాలలో గలవు. పట్టికలో లేని మన పేరు రాజ్యాంగములో కెక్కుట యిట్లు జరిగెను.

ఆంధ్రప్రదేశమున 1970 ప్రాంతమున వైద్యకళాశాలలలో తెగలకు నూటికి 4 స్థానము లుండగా, తరువాత అవి 6 ఆయెను. తెలంగాణములో 2022లో 10 ఆయెను. హక్కు వచ్చిన వెంటనే దానిని దొంగిలించువారును వచ్చిరి. తెగవారు కాకయే తెగవారమని పత్రములు తెచ్చినవా రుండుటచే మన రాష్ట్రమున 1993లో కులధ్రువీకరణ పత్రములను గూర్చిన 16వ చట్టము చేయబడెను. 1994లో మహారాష్ట్రమునకు జెందిన మాధురీ పాటిల్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు పత్రపరిశీలనకు కమిటీలు నియమింపవలెనని శాసించిరి. ఆ వ్యాజ్యము పుట్టినదియు వైద్యవిద్యలో ప్రవేశమునుగూర్చియే. కావున నేడు మన బిడ్డ నిజముగా తెగబిడ్డ యైనను నిరూపణ చూపక తప్పదు. పత్రమునకై చివరి వారమున కచ్చేరీలచుట్టు తిరిగి గడువు దాటించుకొనువారు మనలో లేకపోలేదు.

"ఎంత నేర్చితివి?"

రెండవ ప్రశ్నయు కాలానుగుణముగా మారెను. తొలుత ఇంటర్మీడియెట్ మార్కులే కొలబద్ద. తరువాత ప్రవేశపరీక్షలు వచ్చెను. 1986లో ఎంసెట్ యను ఉమ్మడి పరీక్ష మొదలయ్యెను. ఆ సంవత్సరమే విజయవాడలో ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 2017 నుండి మన రాష్ట్రపు వైద్యస్థానములును దేశమంతటికి నొక్కటియగు నీట్ పరీక్షచేతనే నిండుచున్నవి. అందు భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో 180 ప్రశ్నలకు 720 మార్కులు. పరీక్షను తెలుగుననే వ్రాయవచ్చును. ప్రవేశ సంవత్సరపు డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండియుండవలెను. సామాన్యవర్గమువారికి అర్హత 50వ పర్సెంటైలు, మనకు 40వ పర్సెంటైలు. ఇది 40 మార్కులని కొందరు పొరబడుదురు. అభ్యర్థుల వరుసలో నిలువవలసిన చోటని గ్రహింపవలయును. మరియు అర్హత వేరు, స్థానము వేరు. అర్హులైన తెగవిద్యార్థులలో పైవరుసవారికే స్థానము లభించును.

ఇట్టి సడలింపువలన వైద్యుని నాణ్యము చెడునని మైదానమున కొందరు వాదింతురు. వారికి నా మనవి యొక్కటియే. సడలింపు వాకిటనే కాని లోపల లేదు. శవపరీక్షశాలలో, రోగిశయ్యకడ, పట్టపరీక్షలో మన బిడ్డకును తక్కినవారికిని ఒక్కటే ప్రశ్నపత్రము, ఒక్కటే ఉత్తీర్ణత. ఆ పరీక్ష తీరినవాడు సంపూర్ణవైద్యుడే.

వైద్యమునకు తోడైన విద్యలు

ఎం.బి.బి.యస్. ఒక్కటియే విద్య యని భ్రమింపరాదు. చెట్టునుండి పడి నడుము విరిగినవానికిని, పక్షవాతముచే చేయి పడినవానికిని, వంకరపాదముతో పుట్టిన శిశువునకును శస్త్రవైద్యుని పని ముగిసిన పిమ్మట నెలలకొలది అవయవసాధన కావలెను. అదియే ఫిజియోథెరపీ. నగరమున చికిత్స పొంది కొండకు తిరిగివచ్చిన రోగి యిక్కడ సాధన చేయించువారు లేక కుంటివాడై మిగిలిపోవుట కంటె దుఃఖకరమేమి? కృత్రిమావయవములు చేయువారును, మాట వినికిడి లోపములకు చికిత్స చేయువారును 1992వ సంవత్సరపు పునరావాస మండలి చట్టమునకు లోబడినవారు. ఫిజియోథెరపీ మొదలగు విద్యలకు 2021లో ప్రత్యేకముగా జాతీయ కమిషను చట్టము వచ్చెను. ఫిజియోథెరపీ వాకిటను అడుగబడు మొదటి ప్రశ్న ప్రకృతిశాస్త్రములతో కూడిన ఇంటర్మీడియెట్ గూర్చియే. దారు లనేకము లైనను మొదటి మెట్టొకటియే.

మన కర్తవ్యము

2022 ఏప్రిల్ 4వ తేదీని పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడెను. 2024లో ఆ పాడేరుననే ప్రభుత్వ వైద్యకళాశాలకు 50 స్థానములతో అనుమతి లభించెను. 1923లో కొండదిగువ నుండిన వాకిలి నూరేండ్లకు కొండమీదికి వచ్చెను. ఇది మన కానందదాయకమే. అయినను కళాశాల మన కొండపై నున్నంతమాత్రమున స్థానము మనది కాదు. అచ్చటను నీట్ వరుసయే కొలత.

ఈ చరిత్రమంతయు నొక్క సత్యమును బోధించుచున్నది. వాకిటి ప్రశ్నలను ప్రభుత్వములు, న్యాయస్థానములు, మండలులు మార్చుచునే యున్నవి, ఇకను మార్చును. మన బిడ్డ మాత్రము ప్రతిసారియు ఒక్కచోటనే తప్పిపోవుచున్నాడు. అది పదవతరగతి ముగిసి ఇంటర్మీడియెట్ శాస్త్రవిద్యలో కాలుపెట్టవలసిన చోటు. ఆశ్రమపాఠశాలలో బాగుగా చదివిన పిల్ల, ఆపైన శాస్త్రోపాధ్యాయుడును ప్రయోగశాలయు దగ్గరలో లేక, తనకు తెలియకయే వేరుదారి పట్టును. ఆమె పేరు ఏ నిరాకరణపట్టికలోను కానరాదు. నూటికి 6 స్థానములు ఆమెకొరకే యున్నను అవి యామె కెట్లుపకరించును?

కావున మహాసభవారికి నాలుగు విన్నపములు. మన వసతిగృహములలో జీవశాస్త్ర, భౌతిక, రసాయన శాస్త్రముల నెన్నుకొనిన యింటర్మీడియెట్ విద్యార్థులకు ప్రత్యేకపు గదియు, సాయంకాలపు టుపాధ్యాయుడును ఏర్పరుపబడవలెను. తొమ్మిదవ తరగతినాటికే ప్రతి విద్యార్థికిని కులధ్రువీకరణ పత్రము తెప్పించు భారము సంఘకార్యదర్శులు వహింపవలెను. ఆడుబిడ్డ పదవతరగతి తీరినంతనే పెండ్లిమాట తలపెట్టరాదని గ్రామపెద్దలు కట్టడి చేయవలెను. వైద్యులై, ఫిజియోథెరపిస్టులై ఉద్యోగములందున్న మనవారు ఏడాది కొకమారైన తమ గూడెపు పాఠశాలకు వచ్చి పిల్లలతో మాటాడవలెను. తనవంటివాడే యా వాకిలి దాటెనని కన్నులార చూచిన బిడ్డకు వేరు ప్రోత్సాహ మక్కరలేదు.

పోషకమహాశయులారా! మీరు మండపములు కట్టించితిరి, దేవర పండుగలకు విరాళములిచ్చితిరి. అవి యన్నియు పుణ్యకార్యములే. ఈ యేట మీ విరాళములో నొక భాగమును ఆ రెండేండ్ల శాస్త్రవిద్యకు కేటాయింపు డని చేతులు జోడించి వేడుకొనుచున్నాను. డోలీ మోయు భుజములు మనకు కావలసినన్ని గలవు. డోలీ దిగిన రోగికి మన మాటతో ధైర్యము చెప్పి నాడి చూచు చేయి మన యింటనుండి రావలయును. శుభమస్తు.